మూత తీయని నీళ్ల సీసా

హైదరాబాద్‌లో ముషీరాబాద్ నుంచి రాంనగర్ దాకా తెల్లవారుజామున రోడ్లు ఊడ్చే ఆడవాళ్లలో చాలామంది డ్యూటీ అయ్యేదాకా నీళ్లు తాగరు. ఏప్రిల్, మే నెలల్లో కూడా అంతే. గొంతు ఎండిపోతే ఒక గుక్క, అంతకుమించి లేదు. తాగితే మళ్లీ ఎక్కడికి వెళ్లాలన్నది వాళ్ల టెన్షన్. "పొద్దుగాల లేవంగనే ఇంట్ల పోయొస్తం బిడ్డా, మళ్ల ఇంటికి పోయినంకనే" అని ఒక పెద్దమ్మ నాతో అంది. మధ్యలో ఏడెనిమిది గంటలు. నెలసరి రోజుల్లో గుడ్డ మార్చుకునే చోటు కూడా దొరకదు. మూత్రంలో మంట, నడుం నొప్పి, జ్వరం. ఆర్‌ఎంపీ దగ్గర నాలుగు మాత్రలు తెచ్చుకుని మర్నాడు మళ్లీ చీపురు పట్టుకుంటారు.

నేను పెళ్లి ఫోటోలు తీసి బతుకుతాను. రాత్రి ముహూర్తాలు ముగించుకుని పద్మారావునగర్‌లోని ఇంటికి తిరిగొచ్చే దారిలో వీళ్లు కనిపించేవాళ్లు. పలకరింపులు అలా మొదలయ్యాయి. కెమెరా బయటికి తీయడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఏం తీయాలో తేల్చుకోలేకపోయాను. రోడ్లు ఊడ్చేవాళ్ల ఫోటోలు మనం చూడనివేం కావు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతుంటుంది, దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ములో చీపురు పట్టుకున్న మనిషి నల్లటి ఆకారంలా కనిపిస్తుంది. చాలా అందంగా వస్తుంది ఆ ఫోటో. ఆ దుమ్మంతా ఆమె ఛాతీలోకి పోతోందన్న సంగతి అందులో ఉండదు. దగ్గర్లో మరుగుదొడ్డి లేదన్న సంగతి అసలే ఉండదు. లేనిదాన్ని ఫోటో ఎలా తీస్తాం?

దారి చూపించింది ఒక నీళ్ల సీసా. ఏదో కూల్‌డ్రింక్ లీటరు బాటిల్, లేబుల్ ఊడిపోయింది. దాని మెడకు పాత చీర అంచు పీలిక ఒకటి కట్టి, చెత్తబండి హ్యాండిల్‌కు వేలాడదీసింది ఒక అక్క. ఇంటి దగ్గర నిండుగా నింపుకుని వస్తుంది. బండి గతుకుల్లో పడ్డప్పుడల్లా నీళ్లు ఊగుతాయి. ఎండెక్కేకొద్దీ సీసా లోపల పైభాగంలో ఆవిరి బొట్లు పేరుకుంటాయి. డ్యూటీ దిగే వేళకు చూస్తే రెండు వేళ్ల మందం తగ్గి ఉంటాయి నీళ్లు. అందులోనూ సగం తినేముందు చేతులు కడుక్కోవడానికే పోయాయి. అదే సీసాను అదే బండి మీద డ్యూటీ ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి తీసి పక్కపక్కన పెట్టాను. కింద టైం రాశాను, ఆ రోజు ఎండ ఎన్ని డిగ్రీలో రాశాను. చూసినవాళ్లు ఎవరైనా సరే "మరి నీళ్లెందుకు తాగలేదు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న అడిగించగలిగితే చాలు, మిగతాది నేను చెప్పుకోగలను.

ఫోటో కింద రాసే నాలుగు ముక్కలకు ఎంత బలం ఉంటుందో నాకు లూయిస్ హైన్ పని చూశాకే అర్థమైంది. ఆయన అమెరికాలో స్కూల్ టీచర్. 1908లో ఆ ఉద్యోగం వదిలేసి, బాల కార్మిక వ్యవస్థ మీద పోరాడే ఒక జాతీయ కమిటీ తరఫున బట్టల మిల్లులు, బొగ్గు గనులు తిరిగాడు. లోపలికి రానివ్వరు కాబట్టి బైబిళ్లు అమ్ముకునేవాడిననో, యంత్రాల ఫోటోలు తీయడానికి వచ్చాననో చెప్పి దూరేవాడు. పిల్లల ఎత్తు కొలవాలి, టేపు బయటికి తీస్తే పట్టుబడిపోతాడు. అందుకని తన కోటు గుండీలు ఒక్కొక్కటి నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకున్నాడు. పిల్ల పక్కన నిలబడి, తల ఎన్నో గుండీ దాకా వచ్చిందో చూసుకుని, జేబులో చెయ్యి పెట్టి అక్కడే కాగితం మీద గీకేవాడు. పేరు, వయసు, ఎత్తు, ఎన్నాళ్లుగా పనిలో ఉంది, కూలీ ఎంత. ఇంత చేసినా 1916లో వచ్చిన చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1918లో కొట్టేసింది. గట్టిగా నిలబడ్డ చట్టం వచ్చేసరికి 1938 అయింది. అంటే ముప్పై ఏళ్లు. పొద్దున పోస్టు పెట్టి సాయంత్రానికి మార్పు రాలేదని నీరుగారిపోయే మిత్రులకు నేను ఈ లెక్కే చెబుతుంటాను.

మన దేశంలోనూ ఇలాంటివాళ్లున్నారు. ముంబై పత్రికల ఫోటోగ్రాఫర్ సుధారక్ ఓల్వే అక్కడి కార్పొరేషన్ సఫాయి కార్మికుల వెంట ఏళ్ల తరబడి తిరిగి వాళ్ల పనినీ, బతుకునీ ఫోటోలు తీశారు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బెజవాడ విల్సన్ గారు ఫోటోగ్రాఫర్ కారు. కోలార్ బంగారు గనుల్లో చేతులతో మలం ఎత్తే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టారు. అక్కడి డ్రై లెట్రిన్లను, అంటే నీళ్లు లేక మనుషులే ఎత్తిపోయాల్సిన మరుగుదొడ్లను ఫోటోలు తీసి, ఉత్తరాలతో పాటు పైవాళ్లకు పంపించారు. మన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారు ఆయనకు తోడు నిలిచారు. వాళ్ల సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ పనిని నిషేధిస్తూ 2013లో కొత్త చట్టం, 2014లో తీర్పు వచ్చాయి. మురుగు గుంతల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఆ తీర్పులో పది లక్షలు అన్నారు, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేశారు.

ఈ పనికి ఇంకో రకం చరిత్ర కూడా ఉంది, అదీ మన నేల మీదే. 1876-78లో మద్రాసు ప్రెసిడెన్సీని పట్టిన కరువును రాయలసీమలో ధాత కరువు అంటారు. విల్లోబీ వాలెస్ హూపర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి ఎముకల గూళ్లైపోయిన మనుషులను కెమెరా ముందు గుంపుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. తీసుకుని, వాళ్ల ఆకలి సంగతి పట్టించుకోలేదన్న నింద ఆయన మీద ఇప్పటికీ ఉంది. నేను చూసిన ఆ ఫోటోల్లో ఒక్కరి పేరూ లేదు. ఆ మనుషుల కళ్లు చూసిన తర్వాత, అవతలివాళ్లు వద్దంటే నేను కెమెరా ఎత్తను.

నేనూ ఇక్కడ ఎవరి పేరూ రాయడం లేదు, దానికి కారణం వేరు. వీళ్లవి చాలావరకు ఔట్‌సోర్సింగ్ ఉద్యోగాలు. "సార్లు చూస్తే తీసేస్తరు" అన్న భయం మాటమాటకీ వినిపిస్తుంది. ఫోన్‌లో ముఖం చూపిస్తేనే హాజరు పడుతుంది కాబట్టి, మొదట్లో నేను ఫోటో అడిగితే "దినాం మొఖం దిగుతనే ఉన్నం గద, మళ్ల ఇంకోటెందుకు?" అనేవాళ్లు. అందుకే చేతులు, చెప్పులు, బండ్లు, సీసాలు తీశాను. ముఖాలు కూడా తీశాను, అవి వాళ్లకోసం. డ్యూటీలో వేసుకునే రేడియం జాకెట్ తీసేసి, తల దువ్వుకుని, మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని దిగిన ఫోటోలు. వాటికి ప్రింట్లు వేసి ఇచ్చాను, నా దగ్గర ఉంచుకోలేదు.

మాదాపూర్ ఆర్ట్ గ్యాలరీలో 2015 నుంచి ఇండియన్ ఫోటో ఫెస్టివల్ జరుగుతోంది. నాకు చాలా నేర్పింది, వీలున్నప్పుడల్లా వెళ్తాను. అయినా సీసా ఫోటోలు ముందుగా చేరాల్సిన గోడ అది కాదనిపించింది. ప్రింట్లు తీసుకుని మా ఏరియాలోని ఒక టిఫిన్ సెంటర్ యజమానికి చూపించాను. ఆయన రెండు ఫోటోలూ మార్చి మార్చి చూసి, "మా బాత్రూం ఉంది కదమ్మా, అడిగితే నేను కాదంటానా?" అన్నాడు. నిజమే, కాదనేవాడు కాదు. కానీ ఆ రేడియం జాకెట్‌తో హోటల్ గుమ్మం ఎక్కే ధైర్యం వాళ్లకు ఎవరు ఇచ్చారు? ఇప్పుడు వెనక తలుపు పొద్దున్నే తీసి పెడుతున్నాడు. పెట్రోల్ బంకుల్లో టాయిలెట్, తాగునీరు ఉచితంగా ఇవ్వాలన్నది ఆయిల్ కంపెనీల నిబంధన. బండి లేకపోయినా అడిగి వెళ్లొచ్చని చెబితే చాలామంది అక్కలు నమ్మలేదు. మొదట నేను వాళ్లతో కలిసి వెళ్లాల్సి వచ్చింది.

రోడ్డు పక్కన నిలబెట్టిన రెడీమేడ్ టాయిలెట్ల సంగతి వేరే. తాళం వేసిన ప్రతిదాన్నీ తాళం కనిపించేలా తీసి, చోటు, టైం రాసి, అర్జీతో జతచేసి ఇచ్చాం. ఒకదానికి తాళం తీశారు. లోపల కుళాయి తిప్పితే నీళ్లు రాలేదు. ఆ కుళాయి ఫోటో రెండో అర్జీలో ఉంది.

ఇప్పుడు ఫోటోల కింద రాసేవన్నీ అచ్చుకు ముందు వాళ్లకు చదివి వినిపిస్తున్నాను. సీసా ఫోటో కింద "డ్యూటీ ఉదయం 5 గంటల నుంచి" అని రాశానని చదివితే ఆ అక్క ఆపేసింది. "అయిదింటికి డ్యూటి అంటే మూడున్నరకు లేస్తం, అది రాయి. గా టైంకు బస్సుండది, ఆటోకు నా పైసలే. అది గూడ రాయి." రెండూ చేర్చాను. ఎండ డిగ్రీలు మాత్రం తీసెయ్యమంది, ఎండ అందరికీ ఉండేదే కదా అని.