పాత కారు పని: నాలుగో వారం

ఓడోమీటర్ 1,42,300 కిలోమీటర్లు. 2011 మోడల్, నా చేతికొచ్చి నెల కావస్తోంది. ఈ నెలంతా నన్ను ఏడిపించింది ఐడ్లింగ్, అంటే బండి కదలకుండా ఇంజిన్ మాత్రం తిరగడం. బండి ఆగితే చాలు, ఇంజిన్ చలిజ్వరం వచ్చినట్టు వణికేది.

ఇంజిన్ కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్ పెడితే పి0171 అనే కోడ్ వచ్చింది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 19 శాతం, అంటే కంప్యూటర్ అంత పెట్రోలు అదనంగా పోస్తూ నెట్టుకొస్తోంది. కోడ్ చూడగానే, పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సరే చెడిందనుకుని కొత్తది కొనబోయి ఆగాను. ఇదివరకటి కారుకు అలాగే కొని డబ్బు దండగ చేసుకున్నాను. ఈసారి ఇంజిన్‌ను 2,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర పట్టి చూస్తే ట్రిమ్ బాగా తగ్గింది. ఐడ్లింగ్‌లో ఎక్కువ, వేగం పెంచితే తక్కువ అంటే ముందు వాక్యూమ్ లీక్‌నే, అంటే ఏదో సందులోంచి ఇంజిన్ అదనపు గాలి పీల్చుకోవడాన్నే అనుమానించాలి. ఇంజిన్‌కు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనక, మోచేయిలా వంగిన చోట రబ్బరు పైపు చీలి ఉంది. పైకి నున్నగానే ఉంది, వేలితో వంచితే గానీ నోరు తెరవలేదు. పైపు మార్చాక ట్రిమ్ ప్లస్ 3కి దిగింది, వణుకు పోయింది.

బ్రేక్ ఆయిల్ నల్లబడింది, మార్చేశాను. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్‌కు మరిగే ఉష్ణోగ్రత కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలుండాలి. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు.

అసలు టెన్షన్ పెట్టింది మాత్రం రీకాల్, అంటే లోపమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడం. నాకు రీకాల్ అంటే టకాటా ఎయిర్‌బ్యాగులే గుర్తొచ్చేవి. వాటిలోని అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకూ చెడిపోయి, బ్యాగు తెరుచుకునేటప్పుడు దాన్ని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్ డబ్బా పేలి ఇనుప ముక్కలు ఎగిరేవి. నా బండికి అదేమైనా ఉందేమోనని ముందు అద్దం కింద ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టాను. (ఆ నంబర్‌లో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు. నేను సున్నాను ఓ అనుకుని రెండుసార్లు తప్పు కొట్టాను.) ఎయిర్‌బ్యాగ్ రీకాల్ లేదు. గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ మాడ్యూల్‌ది పెండింగ్‌లో ఉంది. మాడ్యూల్ లోపల బ్రేక్ ఆయిల్ కారి షార్ట్ అవ్వచ్చట, ఇంజిన్ ఆపేసి ఉన్నా మంటలు రావచ్చట. రిపేరు అయ్యేదాకా బండి ఆరుబయటే, ఇంటికి దూరంగా పెట్టమన్నారు. నేనేమో నెల నుంచి పడగ్గది గోడకు ఆనుకున్న షెడ్డులో పెట్టుకుని, రాత్రంతా బ్యాటరీ చార్జింగ్ కూడా పెట్టాను! రీకాల్ ఉత్తరం పాత ఓనర్ చిరునామాకు వెళ్లి ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండితో వచ్చే చిక్కే ఇది.

సర్వీస్ సెంటర్‌లో పని అరగంట కూడా పట్టలేదు, పైసా తీసుకోలేదు. తక్కువ ఆంపియర్ల ఫ్యూజ్ వేశారు. “మాడ్యూల్ మార్చరా?” అనడిగితే, షార్ట్ అయితే ఈ ఫ్యూజ్ ముందే పోతుందని, మంటదాకా రాదని చెప్పారు. లెక్క సరైనదే. కానీ ఆయిల్ కారడం దీనివల్ల ఆగదు కదా, అదే నాకు నచ్చలేదు. అందుకే బ్రేక్ ఆయిల్ రిజర్వాయర్ మీద మార్కర్‌తో గీత పెట్టాను, ఆదివారం ఆదివారం చూస్తాను. బండి ఇంకా ఆరుబయటే.

టైర్లు మిగిలాయి. గాడులు లోతుగా ఉన్నాయని మురిసిపోయాను గానీ, టైరు పక్కన తయారీ వారం కూడా చెప్పే డాట్ కోడ్ చివర 2314 అని ఉంది. 2014లో 23వ వారం సరుకు. గాడులున్నా రబ్బరు పాతబడింది, నాలుగూ మార్చాల్సిందే.