ఒంటి గురించి రాయడం మొదలుపెట్టాక

ఆడపిల్లగా పుట్టానని అందరూ అనుకున్న నేను ఇప్పుడు ట్రాన్స్ పురుషుడిగా బతుకుతున్నాను. ఇక్కడి దాకా రావడంలో డాక్టర్ల కంటే, కార్యాలయాల కంటే ముందు నాకు అక్కరకొచ్చింది రాసుకోవడమే. హార్మోన్ చికిత్స గురించి అడగడానికి వెళ్లినప్పుడు కౌన్సెలర్ ‘నేనెవరు’ అన్న పెద్ద ప్రశ్న జోలికి పోవద్దనీ, ఒంట్లో ఏదో ఒక భాగాన్ని తీసుకుని దాని గురించే రాయమనీ చెప్పారు. చిన్నప్పటి నాకు నేనే ఉత్తరం రాసుకునే పద్ధతి కూడా చెప్పారు గానీ, అది రెండు వాక్యాలకే సినిమా డైలాగులా తయారవడంతో వదిలేశాను.

భుజాలతో మొదలుపెట్టాను. హైస్కూల్లో చున్నీ వేసుకోవలసి వచ్చినప్పటి నుంచి భుజాలు ముందుకు వంచి నడవడం అలవాటైంది. “నిటారుగా నడువమ్మా, గూని వస్తుంది” అంటూ అమ్మమ్మ వీపు మీద చరిచేది. ఆ వంపును ఇంట్లో అందరూ సిగ్గనుకున్నారు; అది సిగ్గు కాదనీ, నాదిగా తోచని ఛాతీని నా కంటికే కనబడకుండా చేసుకునే ఏర్పాటనీ రాస్తున్నప్పుడే నాకు తెలిసింది. గొంతు గురించి రాయడం ఇంకా కష్టమైంది. ఫోనెత్తితే అవతలివాళ్లు ‘మేడమ్’ అంటారన్న బెదురుతో గ్యాస్ బండ తెచ్చే మనిషికి కూడా మెసేజీలే పెట్టేవాణ్నని ఒప్పుకోవలసి వచ్చింది.

రాసిన రాత్రి నిద్ర పట్టేది కాదు. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. బాధాకరమైన సంగతులు రాసినవాళ్లకు అప్పటికప్పుడు మనసు బరువెక్కినా, తర్వాతి నెలల్లో వాళ్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గిందట. అది చదివాక గడియారం పెట్టుకుని, సమయం కాగానే నోట్‌బుక్ మూసేయడం అలవాటు చేసుకున్నాను.

తర్వాత ఒకే రోజు సంగతులను రెండుసార్లు, ఒకసారి ‘ఆమె బస్సెక్కింది’ అనీ, మరోసారి ‘అతను బస్సెక్కాడు’ అనీ రాశాను. మొదటిది పొరుగింటి అమ్మాయి కథలా సాఫీగా సాగింది. రెండోదాంట్లో మాత్రం బస్సులో ఎవరి పక్కన కూర్చోవాలన్న దగ్గరే కలం ఆగిపోయింది, ఎందుకంటే ఆ భయం నిజంగా నాది.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల కోసం వచ్చిన 2019 చట్టం, దాని 2020 నిబంధనల ప్రకారం గుర్తింపు పత్రం కోసం నేను కలెక్టరుకు దరఖాస్తు పెట్టినప్పుడు వైద్య పరీక్ష అక్కర్లేకపోయింది, అఫిడవిట్ చాలింది. పుస్తకం నిండా రాసుకున్నదాన్ని ఆ అఫిడవిట్ ఒక్క వాక్యంలో అడిగింది. నోటరీ గారు “ఇది నీకెప్పటి నుంచి?” అని అందరి ముందూ అడిగినప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పగలిగాను.

మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ మొదలుపెట్టే ముందు డాక్టరు వివరించిన వాటిలో నాకు ముఖ్యమనిపించింది ఒక్కటే: ఒకసారి మందమైన గొంతు, ఇంజెక్షన్లు ఆపేసినా మళ్లీ సన్నబడదు. ఎవరికైనా భయం కలిగించే ఆ మాట నాకు ఊరటనిచ్చింది. మగాడన్నాక గడ్డం ఉండాలని స్నేహితులు హుషారు పడ్డారు గానీ, నా రాతల్లో గడ్డం ఊసే లేదు. అయినా ఇప్పుడది వస్తోంది. దాన్ని పెంచాలో గీసుకోవాలో ఇంకా తేల్చుకోలేదు.