83 పైసల మిత్తి

ఆదివారం కదా, కొంచెం ఎక్కువసేపు పడుకుందామనుకుంటే పొద్దున్నే పరకాల నుంచి మా పెద్దక్క కొడుకు దిగాడు. ఒక చేతిలో అక్క పంపిన సర్వపిండి డబ్బా, ఇంకో చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్. చాయ్ కూడా తాగకుండా ఫోల్డర్ తెరిచాడు. సెకండ్ హ్యాండ్ కారు చూశాడట, ఆరేళ్ల పాతది, 5 లక్షల 20 వేలు. లక్షా ఇరవై చేతి నుంచి పెడతాడు, మిగతా 4 లక్షలు ఫైనాన్స్. గురువారం డెలివరీ, అట్నుంచి అటే భద్రకాళి గుడి దగ్గర పూజ. అంటే నిమ్మకాయలు కొనడం, నేను గ్యారంటీ సంతకం పెట్టడం, ఈ రెండే మిగిలాయన్నమాట.

"10 శాతమే మామా, నెలకు నూటికి 83 పైసల మిత్తి. మనూర్ల రెండ్రూపాయలకు తక్కువ ఎవడిస్తుండు?" అన్నాడు. ఈ లెక్క వాడిది కాదు, ఏజెంటు నేర్పింది. మనవాళ్లు వడ్డీని శాతాల్లో చూడరని, నెలకు నూటికి ఎన్ని రూపాయలు అని చూస్తారని అతనికి బాగా తెలుసు. పైసల్లో చెప్పాడంటే ఇంక అడిగేదేముంటుంది?

ఎనుమాముల మార్కెట్‌లో ఓ అడ్తి దుకాణంలో లెక్కలు రాసే పని నాది. మా దగ్గర అప్పు తీసుకున్న రైతు మధ్యలో వచ్చి కొంత అసలు కట్టాడంటే, ఆ రోజు నుంచి మిగిలిన అసలు మీదే మిత్తి పడుతుంది. అడ్తిదారులను తిట్టేవాళ్లు చాలామందే ఉన్నారు, కొన్ని తిట్లు న్యాయమైనవే, కానీ తీరిన అసలుకు మిత్తి రాసిన ఖాతా మాత్రం నా చేతి మీదుగా ఇప్పటిదాకా పోలేదు. వీడి కాగితంలో ఉన్నది సరిగ్గా అదే. 4 లక్షలకు ఏడాదికి 10 శాతం, ఐదేళ్లకు 2 లక్షలు, మొత్తం 6 లక్షలు, దాన్ని అరవైతో భాగిస్తే నెలకు 10,000. ఎంత గుండ్రంగా ఉందో చూడండి. మొదటి నెల 4 లక్షల మీద ఎంత మిత్తో, అసలు దాదాపు తీరిపోయిన ఆఖరి నెలలో కూడా అంతే మిత్తి. దీన్నే ఫ్లాట్ రేటు అంటారు.

నేను చెబితే ముసలి లెక్క అంటాడని వాడి ఫోన్‌లోనే ఈఎంఐ కాలిక్యులేటర్ తెరవమన్నాను. 4 లక్షలు, 10 శాతం, 60 నెలలు కొట్టాడు. 8,499 అని వచ్చింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ అదే. కాగితంలో 10,000. "ఆ పదిహేను వందలు దేనికి మామా?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు, శాతం దగ్గర అంకె పెంచుకుంటూ పొమ్మన్నాను. 12 కొట్టాడు, 14 కొట్టాడు, 16 కొట్టాడు, 17 దాటాక గానీ పదివేలు రాలేదు. అంటే రూపాయి నలభై నాలుగు పైసలు. 83 పైసలు కాదు.

దాని మీద కోతలు వేరే ఉన్నాయి. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ, డాక్యుమెంటేషన్, వీడు అడగని ఒక లోన్ ఇన్సూరెన్స్, అన్నీ కలిపి 15 వేలు ముందే పట్టుకుంటారు. చేతికొచ్చేది 3,85,000, మిత్తి మాత్రం 4 లక్షలకు. ఇదీ కలిపితే 19 శాతం దాటుతోంది. బడ్జెట్ టైటయితే 84 నెలలు పెట్టుకో, నెలకు 8,095 చాలు అని కూడా అన్నాడట ఏజెంటు. అప్పుడు కట్టేది 6 లక్షల 80 వేలు, లోన్ తీరేనాటికి కారుకు పదమూడేళ్లు! ఆ వయసు కారు ములుగు రోడ్డు మెకానిక్ షెడ్లలో ఉంటుంది గానీ ఇంటి ముందు ఉంటుందా?

అయినా వాడు వదల్లేదు. "రెండేండ్లయినంక చిట్టీ ఎత్తి ఒక్కసారే కట్టేస్త" అన్నాడు. సరే, అదీ చూద్దామని కూర్చున్నాం. ఆ 17 దాటిన శాతం లెక్కన, మొదటి కిస్తీ పదివేలల్లో మిత్తికే 5,756 పోతుంది, అసలు తగ్గేది 4,244. రెండేళ్లు ఒక్క కిస్తీ తప్పకుండా 2 లక్షల 40 వేలు కట్టాక కూడా ఇంకా 2 లక్షల 79 వేల చిల్లర బాకీ. ముందే క్లోజ్ చేస్తే మిగిలిన దాని మీద 5 శాతం ఛార్జీ అని చివరి పేజీలో చీమల్లాంటి అక్షరాల్లో ఉంది, అదో 14 వేలు. ఫ్లోటింగ్ రేటు, అంటే మధ్యలో మారే రేటు అయితే, సొంత అవసరానికి తీసుకున్న లోన్లకు 2026 జనవరి 1 నుంచి మంజూరైన వాటి మీద ఈ ఛార్జీ వేయొద్దని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. వీడిది ఫిక్స్‌డ్. అది ఫిక్స్‌డ్ అని కూడా వీడికి తెలియదు, రేటు మారదు సార్ అంటే మంచి మాటే అనుకున్నాడు.

మా మార్కెట్‌లో ట్రాలీ నడిపే ఒకతనికి ఇలాగే అయింది. మూడు కిస్తీలు ఆగాయి, ఫైనాన్సోళ్లు బండి పట్టుకెళ్లి యార్డులో పెట్టారు, వేలంలో తక్కువకు పోయింది, మిగిలిన బాకీ కట్టమని నోటీసు అతనికే వచ్చింది. బండి లేదు, అప్పు ఉంది. అల్లుడికి ఈ సంగతి చెప్పలేదు, పొద్దున్నే వాణ్ని బెదిరించడం దేనికని. జీతం 24 వేలు, అందులో పదివేలు కిస్తీ, పెట్రోలు, ఇన్సూరెన్స్ వేరే, ఇంక బెదిరింపు అక్కర్లేదు కూడా.

కేఎఫ్‌ఎస్ ఇచ్చారా అని అడిగితే అదేంటన్నాడు. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్. 2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి ప్రతి లోన్‌కూ సంతకానికి ముందే ఇవ్వాలి, ఫీజులన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత రేటు పడుతుందో అందులో ఏపీఆర్ అని రాసి ఉంటుంది. ఏజెంటుకు ఫోన్ చేస్తే, శాంక్షన్ అయ్యాక వస్తుంది సార్ అన్నాడు. సంతకాలయ్యాక ఆ కాగితం దేనికి, ఫ్రేము కట్టించుకోవడానికా?

మధ్యాహ్నం తినేసి వాడు హంటర్ రోడ్డులో దోస్తును కలవడానికి పోయాడు. అంతలో అక్క ఫోన్. "నువ్ కారు వద్దన్నవంట గదరా, పోరనికి ఇరవై ఆరేండ్లొచ్చె, సంబంధాలు చూస్తున్నం, ఇంటి ముంగట కారుంటే ఎట్లుంటది, లేకుంటే ఎట్లుంటది?" అని అందుకుంది. కారు వద్దనలేదక్కా, ఆ కాగితం వద్దన్నాను అంటే వినదు. బావకు కోఆపరేటివ్ బ్యాంకులో ఉన్న డిపాజిట్ మాట ఎత్తాను. దాని మీద లోన్ తీసుకుంటే డిపాజిట్ వడ్డీ కంటే ఒకటో రెండో శాతం ఎక్కువ పడుతుందేమో, ఈ పందొమ్మిదితో పోలికే లేదు. "అది పెండ్లికి" అంది. పెళ్లి కోసం కారు, కారు కోసం పెళ్లి డబ్బు ముట్టుకోకూడదు. ఈ లెక్క మాత్రం నాకు రాదు.

రాత్రి ఎనిమిదింటికి పరకాల నుంచి అల్లుడి ఫోన్. ఏజెంటు మళ్లీ చేశాడట, మీకోసం మేనేజర్‌తో మాట్లాడి ఎనిమిదిన్నర శాతానికి తెచ్చిన, కిస్తీ 9,500 అన్నాడట. పొద్దున ఒక్క పైసా తగ్గదన్న మనిషే. వీడు లైన్ మీదే ఉండి కాలిక్యులేటర్ కొట్టుకున్నాడు. "మామా, గిది గూడ పదిహేను దగ్గర పడుతుంది" అన్నాడు. కేఎఫ్‌ఎస్ పంపితే గురువారం సంగతి మాట్లాడదామన్నాడట. రేపు పంపిస్తానన్నాడట అతను. రేపు సోమవారం, మార్కెట్‌కు మిర్చి బాగా వస్తుంది, నాకు తీరిక దొరకదు. మధ్యాహ్నం వాణ్ని ఒక్కడినే బ్యాంకుకు పోయి రేటు అడిగి రమ్మన్నాను.