పాత గుమ్మం, నూనె డబ్బా, మూడు తీగలు

నేను చేసుకున్న గిటారులో కొత్తగా కొన్నవి తీగలొక్కటే. మిగతా సరుకంతా విజయనగరంలో పాత సామాన్ల కొట్లలోనూ మా అటక మీదా దొరికిందే.

మెడకి టేకు కర్ర. కొత్త చెక్కయితే పూర్తిగా ఆరిందో లేదో తెలీదు, ఆరుతూ ఆరుతూ వంకర పోవచ్చు. పడగొట్టిన పెంకుటింటి ద్వారబంధానికి ఆ భయం తక్కువ. మేకులు మాత్రం వెతికి పీకాలి, లేకపోతే మేస్త్రీ రంపం పాడై మనకి చీవాట్లు.

డొల్లకి 5 లీటర్ల నూనె డబ్బా. కర్రని డబ్బాకి అతికిస్తే చాలదు, ఈ చివర నుంచి ఆ చివరకి దూర్చాలి. తీగల లాగుడు కర్రే మోయాలి, రేకు మీద పడితే సొట్టపోతుంది. అవతల బయటికొచ్చిన కర్రకి తలుపు మడతబందు బిగించి, దాని కన్నాల్లోంచి తీగలు లాగాను. "తీగలకి మడతబందేటి బాబూ, ఇదేటైనా తలుపా?" అని మా వడ్రంగి మేస్త్రీ ఒకటే నవ్వు.

అసలు తలనొప్పి మెట్లతోనే, అంటే మెడ మీద వేలు నొక్కే చోట అడ్డంగా ఉండే సన్నని లోహపు పట్టీలతో. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళు 24 మెట్లనీ మైనంలో నిలబెడతారు, స్వరం వింటూ జరుపుకుంటారు. గిటారుకి ఆ వెసులుబాటు లేదు, గాడి కోస్తే కోసినట్టే. కాబట్టి ముందు లెక్క. తీగ మోగే పొడవుని, అంటే మెడ పైకొస నుంచి డబ్బా మీద తీగ ఆనే చోటుదాకా ఉన్న దూరాన్ని, 17.817తో భాగించాలి. నాది 60 సెంటీమీటర్లు, మొదటి మెట్టు పైకొస నుంచి 33.7 మిల్లీమీటర్ల దగ్గర పడింది. మిగిలిన పొడవుని మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది, ఇంకో 31.8. అలా పోగా పోగా 12వ మెట్టు సరిగ్గా సగంలో, 30 సెంటీమీటర్ల దగ్గరకి రావాలి. రాకపోతే లెక్క ఎక్కడో తప్పినట్టు. నేను రంపం పట్టింది అది సరిచూసుకున్నాకే.

మెట్లు ఒక విరిగిన గిటారువి. సోల్డరింగ్ ఐరన్‌తో కాసేపు వేడిచేసి పీకితే చెక్క పెచ్చులూడకుండా వస్తాయి. ట్యూనింగ్ కీలు కూడా దాన్నుంచే. గాడి వెడల్పయితే మెట్టు నిలవదు, అందుకని హ్యాక్‌సా బ్లేడు పళ్ళని పక్కల నుంచి సానరాయి మీద అరగదీసి పలచన చేశాను. మెడ పైకొసనా డబ్బా మీదా తీగల కింద పెట్టింది చెరో బోల్టు.

శ్రుతి స-ప-స. గిటారు తీగల సెట్టులో ఐదు, నాలుగు, మూడో తీగలు వేసి, ఐదోదాన్ని ఒక పూర్తి స్వరం, అంటే రెండు మెట్లంత, దించితే చాలు. ఒక్క వేలు అడ్డంగా ఆనించి ఏ మెట్టు దగ్గర నొక్కినా మూడూ కలిసి పలుకుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా సుఖం లేదు.

తీగల మోతని కరెంటుగా మార్చే పికప్పు కోసం పాడైన ల్యాండ్‌లైన్ ఫోన్‌లో మోగే గుండ్రటి రేకు బిళ్ళ తీసి డబ్బా లోపల అంటించాను. మోత పెంచే యాంప్‌కి కలపగానే ఒకటే గుయ్ మన్న రొద. యాంప్ వైరు గుచ్చే జాక్‌లోని గ్రౌండ్ కొస నుంచి ఒక వైరు డబ్బాకి వేస్తే చాలావరకు తగ్గింది. గొంతు కాస్త ముక్కుతో పాడినట్టే ఉంటుంది, రేకు కదా. రెండోదానికి పనస చెక్క వెతుకుతున్నాను.