టెక్సాస్‌లో చట్టప్రకారం మెషిన్ గన్ కొన్నాను: నా అనుభవం

నాకు తుపాకులంటే ఇష్టమని తెలిసిన మనవాళ్లందరూ అడిగేది ఒక్కటే. "అమెరికాలో మెషిన్ గన్ కూడా కొనుక్కోవచ్చంట కదా, నువ్వు కొంటావా?" గుంటూరులో కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ వాళ్లు పాయింట్ 22 రైఫిల్‌తో కాల్పించిన కాసిని రౌండ్లతో మొదలైన పిచ్చి ఇది. ఇక్కడ డాలస్ దగ్గర స్థిరపడి, సిటిజన్‌షిప్ వచ్చాక పూర్తిగా అందులో దిగాను. ఇప్పుడు నిజంగానే ఒకటి కొన్నాను. మనవాళ్లలో దీని గురించి తిరిగే మాటలు చాలావరకు తప్పు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

షాపుల్లో అమ్మే ఏఆర్-15 రైఫిల్ మెషిన్ గన్ కాదు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటానే వస్తుంది. నొక్కి పట్టుకుంటే వరసగా పేలుతూ ఉండేదే ఫుల్ ఆటో. దానికి 1934లోనే చట్టం వచ్చింది, ఒక్కో బదిలీకి 200 డాలర్ల పన్ను, ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషన్. ఆ రోజుల్లో 200 డాలర్లంటే మామూలు మనిషి కొనే ఆలోచనే మానుకునేంత డబ్బు. ఆ తర్వాత 1986 మే 19న ఇంకో తలుపు మూసుకుంది. ఆ తేదీకి ముందే రిజిస్టరైన వాటినే మామూలు పౌరులు కొనగలరు, కొత్తవి లేవు. అందుకే అప్పట్లో కొన్ని వందల డాలర్లకు అమ్మిన ఎమ్11/9 అనే చిన్న మెషిన్ గన్ ఇప్పుడు పది వేలు దాటింది. సైన్యం వాడిన ఎమ్16 రైఫిల్ అయితే ముప్ఫై వేలు పెట్టినా దొరికితే అదృష్టమే.

మరి తుపాకుల మీద ప్రేమ ఉన్నవాళ్లందరికీ ఇది కావాలా అంటే, కాదు. నేను వెళ్లే షూటింగ్ రేంజ్‌లో ఏళ్ల తరబడి కాలుస్తున్న పెద్దవాళ్లను అడిగాను. కాల్చాలని అందరికీ ఉంది, కొనాలని మాత్రం చాలా కొద్దిమందికే ఉంది. వాళ్ల కారణాలు గట్టివే. గురి నిలవదు, తూటాలు నీళ్లలా ఖర్చవుతాయి, చాలా రేంజ్‌లు ఫుల్ ఆటోను అనుమతించవు. అమెరికా సైన్యమే 1980లలో ఎమ్16ఏ2 తెచ్చినప్పుడు ఫుల్ ఆటో తీసేసి మూడు తూటాల బర్స్ట్ పెట్టింది, అంటే ఒకసారి నొక్కితే మూడే పేలతాయి. అన్నిటికంటే పెద్ద భయం రిసీవర్ గురించి, అంటే తుపాకీ లోపలి భాగాలన్నీ అమరే చట్రం. రిజిస్టరైంది ఆ లోహపు ముక్కే, అది పూర్తిగా పాడైతే దాని బదులు కొత్తది రిజిస్టర్ చేయించే దారి లేదు, పెట్టిన డబ్బంతా పోయినట్టే.

ఇవన్నీ విన్నాక కూడా నాకు కావాలనే అనిపించింది. మెకానికల్ ఇంజనీర్‌ని. ఒక స్ప్రింగు, ఒక బోల్టు, మడిచిన రేకు, వీటితో నిమిషానికి 1,200 రౌండ్లు దాటించే యంత్రాన్ని విప్పి చూసుకోవాలి, నూనె పెట్టుకోవాలి, అది నాది కావాలి. ఈ కోరికను ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పడం కష్టం, కానీ ఉన్న మాట ఇదే.

మా ఆవిడ ముందు ఒప్పుకోలేదు. "ఏమండీ, ఆ డబ్బుతో మీ నాన్నగారి ఇంటికి పైన ఒక గది వెయ్యొచ్చు కదా" అంది. న్యాయమైన మాట. ఆ గది ముందు వేయించాం. తుపాకీ ఆ తర్వాతే.

అమ్మే ఆయన వేరే రాష్ట్రంలో ఉన్నాడు. అలాంటప్పుడు నేరుగా నాకు రాదు. ముందు మా ఊళ్లో లైసెన్సు ఉన్న డీలర్ పేరు మీదకి మారాలి, దానికో ఫారం 4 (బదిలీకి ప్రభుత్వానికి పెట్టే దరఖాస్తు), 200 డాలర్లు. అక్కడి నుంచి నా పేరు మీదకి మళ్లీ ఫారం 4, మళ్లీ 200. (సైలెన్సర్లకు 2026 జనవరి నుంచి ఈ పన్ను సున్నా చేశారు, మెషిన్ గన్లకు అలాగే ఉంచారు.) డబ్బంతా ముందే కట్టి, వస్తువు కళ్లబడకుండా ఎదురుచూడటం, అదీ రెండుసార్లు, అసలు టెన్షన్ అంతా అక్కడే.

నేను సొంత పేరుతో కాకుండా ట్రస్ట్ పేరుతో కొన్నాను, అంటే ఒకరికి మించి బాధ్యులు ఉండగలిగే చట్టపరమైన ఏర్పాటు. మనవాళ్లు ఇది గమనించాలి. ఏటా ఇండియా వెళ్తాం, కొన్నిసార్లు నేనొక్కణ్నే వెళ్తాను. తుపాకీ నా ఒక్కడి పేరు మీద ఉండి, సేఫ్ నంబర్ మా ఆవిడకు తెలిసి, నేను విజయవాడలో కూర్చుంటే, ఇక్కడ ఆమె చట్టపరంగా ఇరుక్కునే ప్రమాదం ఉంది. ట్రస్ట్‌లో ఆమె పేరూ ఉంటే ఆ బాధ లేదు. కాకపోతే ట్రస్ట్‌లో బాధ్యులందరూ ఫొటో, వేలిముద్రలు ఇవ్వాలి, స్థానిక షెరీఫ్‌కో పోలీస్ చీఫ్‌కో కాపీ పంపాలి. వేలిముద్రలు తీసే అతను ఒక్కో వేలిని గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నెమ్మదిగా దొర్లించి, సరిగా పడకపోతే తుడిచి మళ్లీ తీశాడు. మా ఆవిడ బొటనవేలికే చాలాసేపు పట్టింది. ఓపిగ్గా నిలబడింది, ఆ రోజు తన మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

నిరీక్షణలో ఉండగా ఒక కుర్రాడు అడిగాడు, "అన్నా, గ్లాక్ పిస్టల్‌కి చిన్న స్విచ్ పెడితే అదే పని అవుతుందంట కదా, ఇంత ఖర్చెందుకు?" గట్టిగానే చెప్పాను. ఆ ముక్క దగ్గరుంటేనే పదేళ్ల వరకు జైలు. వాటివల్ల ఇక్కడి వీధుల్లో పిల్లలు చచ్చిపోతున్నారు. నాకు ఈ వేలిముద్రలు, రిజిస్టరు, ఎదురుచూపు ఎప్పుడూ భారంగా అనిపించలేదు. ఇంత శక్తి ఉన్న వస్తువును ఇంటికి తెచ్చుకునేవాడు ఎవడో ప్రభుత్వానికి తెలియాల్సిందే. హెచ్1బీలో ఉన్న తమ్ముళ్లకు ఇంకో మాట: వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదీ లేకపోతే మీరు మామూలు తుపాకీ కూడా చేత పట్టకూడదు. సరదాకి కాల్చి చూస్తానని నా దగ్గరికి రావద్దు, కాదంటే బాధపడొద్దు.

ఆమోదం వచ్చాక డీలర్ దగ్గర 4473 ఫారం (తుపాకీ కొనేవాడు తన వివరాలు రాసిచ్చేది) నింపి తెచ్చుకున్నాను. రేంజ్‌లో 32 రౌండ్ల మ్యాగజైన్ రెండు సెకన్లు కూడా పట్టలేదు. ముందుకు ఒరిగి, భుజానికి గట్టిగా అదిమితేగాని గొట్టం పైకి లేచిపోతుంది. రెండు మూడు తూటాలకే వేలు వదలడం నేర్చుకుంటున్నాను, దానికి చాలా సాధన కావాలి.

ఆమోదపత్రం కాపీ ఎప్పుడూ తుపాకీతోనే ఉంచుతున్నాను. ఓక్లహోమాలో ఒక రేంజ్‌కి వెళ్లాలని ఉంది, దాన్ని తీసుకుని రాష్ట్రం దాటాలంటే తుపాకుల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ఏటీఎఫ్ అనుమతి ముందే రావాలి, దానికి పెట్టాను. మా అమ్మాయికి ఇరవై ఒకటి నిండాక ఇష్టమైతే తనకు, లేకపోతే డీలర్ ద్వారా అమ్మేసి డబ్బు తన చదువు అప్పు తీర్చడానికి వాడమని ట్రస్ట్‌లో రాయించాను.