ఎవరూ తలవని వారికీ తిలోదకం: 'కోకో' చిత్రం, మహాలయ పక్షం

గతించిన పెద్దలకు ప్రత్యేకించిన మహాలయ పక్షంలో తర్పణం వదులుతున్న తాతను చూసి "చనిపోయినవాళ్లకు నీళ్లెందుకు తాతా?" అని మనవడు అడిగితే, చాలా ఇళ్లలో వచ్చే జవాబు "అది మన ఆచారం నాన్నా" అన్న ఒక్క మాటే. ఆ మాటలో తప్పేమీ లేదు కానీ, పిల్లవాడి మనసులో అది ఎంతోకాలం నిలవదు. 2017లో పిక్సార్ సంస్థ నిర్మించిన 'కోకో' అనే యానిమేషన్ చిత్రం సరిగ్గా ఆ ప్రశ్ననే మెక్సికో దేశపు పండుగ నేపథ్యంలో కథగా మలిచింది. పిల్లల కోసం తీసిన ఈ చిత్రాన్ని పితృకార్యం చేసే పెద్దలు కూడా ఒకసారి శ్రద్ధగా చూడాలని నా కోరిక. ఎందుకంటే మనం ఏటా చదివే ఒక శ్లోకంలోని కరుణ ఎంత లోతైనదో ఈ చిత్రం చూసిన తరువాతే నాకు పూర్తిగా తెలిసివచ్చింది.

మెక్సికోలో ప్రధానంగా నవంబరు 1, 2 తేదీల్లో గతించినవారి పండుగ జరుపుకుంటారు. ఇంట్లో మెట్లు మెట్లుగా ఒక వేదిక అమర్చి, దానిమీద పెద్దల ఫొటోలు, కొవ్వొత్తులు, మంచినీళ్లు, వారు బతికుండగా ఇష్టంగా తిన్న వంటకాలు ఉంచి, బంతిపూలతో అలంకరిస్తారు. మొదటి రోజు పసితనంలో పోయిన పిల్లలకు, రెండవ రోజు పెద్దలకు అని చాలాచోట్ల లెక్క. యునెస్కో 2008లో ఈ వేడుకను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. సంక్రాంతి నాడు పెద్దల ఫొటోల ముందు కొత్తబట్టలు, పిండివంటలు పెట్టి దణ్ణం పెట్టుకునే ఇళ్లలో పెరిగిన మనకు ఇందులో వింతగా తోచేది ఏమీ లేదు.

కథానాయకుడు మిగెల్ పన్నెండేళ్ల పిల్లవాడు. వాళ్లది తరతరాలుగా చెప్పులు కుట్టే కుటుంబం. ఆ ఇంట్లో సంగీతం నిషిద్ధం. మిగెల్ ముత్తవ్వ కోకో చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమె తండ్రి పాటలు పాడటానికని ఇల్లు విడిచి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన భార్య ఇమెల్డా ఆ కోపంతో ఇంట్లో పాటనే మాన్పించింది. వేదికపై పైమెట్టు మీద ఉన్న ఫొటోలో ఇమెల్డా ఉంది, ఆమె ఒళ్లో పసి కోకో ఉంది, పక్కన నిలబడిన మనిషి తల ఉన్న భాగం మాత్రం చింపి ఉంది. ఆయన పేరు కూడా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. పండుగ రాత్రి ఒక ప్రఖ్యాత గాయకుడి సమాధిలోని గిటారును ముట్టుకున్న మిగెల్, బతికి ఉండగానే పరలోకంలోకి వెళ్లిపడతాడు. తెల్లవారేలోపు తన వంశంలోని పెద్దల దీవెన అందుకుంటేనే తిరిగి ఇల్లు చేరగలడు.

ఆ లోకంలో ఒక నియమం ఉంది. ఇంటి వేదికపై ఫొటో ఉన్నవారే పండుగనాడు బంతిపూరేకుల వంతెన దాటి తమవారిని చూడటానికి రాగలరు. భూమి మీద తమను గుర్తుంచుకున్న చివరి మనిషి కూడా మరిచిపోతే, అక్కడి నుంచి కూడా వారు మాయమైపోతారు. దీన్ని చూపించిన సన్నివేశం చిన్నదే. ఊరి చివర గుడిసెలో ఊయలలాంటి పడకమీద చిచరోన్ అనే వృద్ధుడు నీరసంగా పడుకుని ఉంటాడు. పరలోకంలో మిగెల్‌కు తోడైన హెక్టర్ గిటారు అడగటానికి వస్తే, అతణ్ణి ముందు తనకు ఇష్టమైన పాట ఒకటి పాడమంటాడు. పాట ముగిసేసరికి ఆ ముఖంలో తృప్తి కనిపిస్తుంది, కళ్లు మూతపడతాయి, ఒంటి నిండా బంగారు వెలుగు అల్లుకుని మనిషి ధూళిగా రాలిపోతాడు. ఏమైందని మిగెల్ అడిగితే, ఆయనను గుర్తుపెట్టుకున్నవారు భూమి మీద ఇక ఎవరూ లేరని హెక్టర్ చెబుతాడు. చేసిన పాపానికి పడిన శిక్ష కాదది. ఆ ముసలాయనకు వెనక ఎవరూ లేకపోవడమే కారణం.

పిల్లలకు ఇక్కడ దుఃఖం కలుగుతుంది. మన సంప్రదాయం తెలిసినవారికి మాత్రం ఒక శ్లోకం గుర్తుకు రావాలి. తర్పణ విధిలో దక్షిణముఖంగా కూర్చుని, యజ్ఞోపవీతం కుడిభుజం మీదికి మార్చుకుని, వేలికి దర్భ పవిత్రం ధరించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నువ్వులు కలిసిన నీళ్లు జారవిడుస్తూ తండ్రి, తాత, ముత్తాతలను వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా గోత్రనామాలతో తలుస్తాం. తరువాత తల్లి వరుస, మాతామహుల వరుస వస్తాయి. మహాలయంలో అయితే అంతటితో ఆగకుండా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనమామలు, అత్తమామలు, గురువు, మిత్రుడు అంటూ జాబితా పెరుగుతూ పోతుంది. వీరిని కారుణ్య పితరులు అంటారు. అందరూ అయిపోయాక, చివర్లో తడిబట్ట పిండి ఆ నీళ్లు వదులుతూ ఈ శ్లోకం చదువుతాం.

యే కే చాస్మత్కులే జాతా అపుత్రా గోత్రిణో మృతాః |
తే గృహ్ణంతు మయా దత్తం వస్త్రనిష్పీడనోదకమ్ ||

మా కులంలో పుట్టి, సంతానం లేకుండా మరణించినవారు ఎవరెవరున్నారో వారందరూ నేను ఇస్తున్న ఈ నీటిని స్వీకరింతురు గాక అని దీని భావం. అంటే, చిచరోన్ వంటివారి కోసం మన ఋషులు ముందే ఏర్పాటు చేసి ఉంచారు. పేరు తెలియకపోయినా, ముఖం చూడకపోయినా, వారి కథ చెప్పేవారు ఒక్కరూ మిగలకపోయినా ఈ నీళ్లు వారివే. ఇదే కాక, "ఆబ్రహ్మస్తంబపర్యంతం" అంటూ బ్రహ్మ మొదలు గడ్డిపరక వరకు సమస్తానికీ తృప్తి కలగాలని కోరే శ్లోకం కూడా తర్పణంలో ఉంది. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పే వెసులుబాటు ఉంది. మహాలయ పక్షంలో మరణతిథి తెలియనివారికి అమావాస్య ఉంది. అవిధవా నవమి సుమంగళిగా పోయిన ఇల్లాలిది. ఆయుధం వల్లనో విషం వల్లనో అర్ధాంతరంగా పోయినవారికి చతుర్దశిని కేటాయించారు. హెక్టర్ కథ ఏమిటో చివరికి తెలిసినప్పుడు నాకు వెంటనే ఆ చతుర్దశే స్ఫురించింది. ఎందుకంటే కోకో తండ్రి ఆయనే, ఆయన ఇంటిని వదిలేసినవాడు కాడు. భార్యాబిడ్డలను చూడాలని తిరుగుప్రయాణమైన రాత్రే స్నేహితుడు విషమిచ్చి చంపాడు. ఇంట్లోవారు తరాల పాటు దూషించినది ఈ మనిషినే.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసినది ఈ చిరిగిన ఫొటోయే. ఇమెల్డా కోపం అన్యాయమని చెప్పలేం. పసిబిడ్డతో ఒంటరిగా మిగిలి, చెప్పులు కుట్టడం నేర్చుకుని సంసారాన్ని నిలబెట్టిన ఇల్లాలు ఆమె. కానీ ఆమె కోపం ఆమెతో పోలేదు, ఇంటి నియమంగా మారి, ఆ మనిషిని ఎన్నడూ చూడని మునిమనుమలకు కూడా సంక్రమించింది. మన ఇళ్లలోనూ ఇలాంటి ఖాళీలు ఉంటాయి. ఆస్తి తగాదాలో విడిపోయిన పెదతాత, కులాంతర వివాహం చేసుకుందని వెలివేసిన మేనత్త, తాగుడుకు బానిసై ఇల్లు గుల్లచేసిన చిన్నాన్న, ఆత్మహత్య చేసుకున్నందున ఎవరూ మాట్లాడని అన్న, ఇలా పేరెత్తితే చాలు మాట మార్చేసే మనుషులు చాలా కుటుంబాల్లో ఉన్నారు. తర్పణ మంత్రం మాత్రం ఎవరి నడవడికనూ విచారించదు. తాత ధర్మాత్ముడా, కోపిష్ఠా, మనకు పొలం మిగిల్చాడా, అప్పులు మిగిల్చాడా అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు. మంచివాడైన తాతకు మూడు దోసిళ్లు, చెడ్డవాడికి ఒకటి అన్న లెక్క కర్మవిధానం చెప్పే ఏ ప్రయోగగ్రంథమూ చెప్పదు.

భగీరథుని కథలో ఉన్నది కూడా ఇదే. సగరుని అరవైవేల మంది కుమారులు అశ్వమేధపు గుర్రాన్ని వెతుకుతూ భూమినంతా తవ్వి, దారిలో ఎన్నో ప్రాణులను హింసించి, తపస్సులో ఉన్న కపిల మహర్షిని దొంగ అని నిందించి, ఆయన ఆగ్రహానికి బూడిదైనవారు. వారి చావుకు వారి తప్పే కారణం. అయినా మనుమడు అంశుమంతుడు ఆ బూడిదకుప్పల దగ్గర నిలబడి, తర్పణానికి నీళ్లు దొరకక దుఃఖించాడు. ఆయన, ఆయన కొడుకు దిలీపుడు గంగను తేలేకపోయారు. భగీరథునికి వారు ముత్తాత అసమంజసుని తమ్ములు. ఆయన వారిని ఎన్నడూ చూడలేదు. చూడనివారి కోసం, అందునా తప్పు చేసి పోయినవారి కోసం ఆయన అంత ఘోరతపస్సు చేశాడు. మన తెలుగువాళ్లు గట్టి పూనికను భగీరథ ప్రయత్నం అంటారు కానీ, ఆ ప్రయత్నం ఎవరికోసం జరిగిందో అంతగా తలుచుకోరు.

చిత్రంలో ఇంకొక పాత్ర ఉంది. మిగెల్ ముట్టుకున్న గిటారు ఎవరి సమాధిలోదో, హెక్టర్‌కు విషమిచ్చిన స్నేహితుడు ఎవరో, ఆ ఎర్నెస్తో అనే ప్రఖ్యాత గాయకుడిని దేశమంతా కొలుస్తుంది. విగ్రహాలు, పూలహారాలు, లక్షలమంది అభిమానం అన్నీ ఉన్నాయి. తీరా చూస్తే ఆయన కీర్తి అంతా హెక్టర్ రాసిన పాటలను దొంగిలించి సంపాదించినది. మరుపు ఒక్కటే మనుషులకు అన్యాయం చేయదని, అబద్ధపు జ్ఞాపకం కూడా చేస్తుందని ఇక్కడ తెలుస్తుంది. పెద్దలను తలుచుకోవడం అంటే వారిని దేవతలుగా చిత్రించి గోడకు తగిలించడం అనుకునేవారు ఈ భాగాన్ని గమనించాలి. ఉన్నవారిని ఉన్నట్టుగా, లోపాలతో సహా మనవారిగా అంగీకరించి నీళ్లివ్వడంలోనే నిజమైన స్మరణ ఉందని నేను నమ్ముతాను.

దీవెన విషయం కూడా చెప్పుకోవాలి. మిగెల్‌ను ఇంటికి పంపడానికి ఇమెల్డా మొదట ఒప్పుకుంటుంది కానీ, ఇకపై సంగీతం జోలికి పోకూడదన్న షరతు పెడుతుంది. నిజం తెలిసి, మనసు కరిగిన తరువాత ఆమె ఇచ్చిన రెండో దీవెనలో ఆ షరతు లేదు. కుటుంబం తనను ఎంత ప్రేమిస్తుందో ఎన్నడూ మరవద్దని కోరుతుంది. శ్రాద్ధం చివర కర్త పితృదేవతలను అడిగే వరం మనుస్మృతిలో ఉంది: "దాతారో నోఽభివర్ధంతాం వేదాః సంతతిరేవ చ, శ్రద్ధా చ నో మా వ్యగమత్, బహుదేయం చ నోఽస్తు". మా వంశంలో ఇచ్చేవారు పెరగాలి, వేదమూ సంతానమూ వృద్ధి చెందాలి, మా శ్రద్ధ సడలకూడదు, ఇవ్వడానికి మా దగ్గర సమృద్ధిగా ఉండాలి. తీసుకోవడానికి కావాలని అడగకుండా ఇవ్వడానికి కావాలని అడగడం ఈ ప్రార్థనలోని గొప్పతనం.

అయితే ఈ చిత్రం చెప్పినదీ మన శాస్త్రం చెప్పినదీ అన్ని విధాలా ఒకటే అనడం సరికాదు. చిత్రంలో పరలోకవాసుల ఉనికి బతికున్నవారి జ్ఞాపకం మీద ఆధారపడింది. మన విశ్వాసంలో జీవుని గతిని నిర్ణయించేది కర్మ. మనం మరిచినంత మాత్రాన జీవుడు నశించడు, ఇంకొక జన్మ ఎత్తినా మనమిచ్చినది ఆ జన్మకు తగిన ఆహారంగా మారి అతనికి అందుతుందని పురాణాలు చెబుతాయి. కాబట్టి తర్పణం మానితే మన ఋణం మిగిలిపోతుంది, మన శ్రద్ధ క్షీణిస్తుంది. ఈ తేడాను పిల్లలకు విడమరచి చెప్పడం అవసరం. లేకపోతే, మరిచిపోతే తాత మాయమైపోతాడన్న భయం వారి మనసులో నాటుకుంటుంది.

బంతిపువ్వు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ మొక్క పుట్టిల్లు మెక్సికో ప్రాంతమే. సముద్రాలు దాటి మన నేలకు వచ్చి మన గుమ్మాలకు తోరణమైంది. తెలంగాణలో భాద్రపద అమావాస్యను పెత్రమాస అంటారు. ఆ ఉదయం పెద్దల పేర బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, దక్షిణ పంతులుగారికి ఇస్తారు. సాయంత్రం తంగేడు, గునుగు, బంతి పేర్చి ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. పెద్దలకు బియ్యమిచ్చిన రోజునే పూలపండుగ మొదలుపెట్టుకున్న ఈ నేలకు, మెక్సికో ప్రజలు గతించినవారి కోసం పూలదారి ఎందుకు పరిచారో వివరించి చెప్పనక్కరలేదు.

బియ్యమిచ్చే ఆ అరుగు దగ్గర ఏటా కనిపించే దృశ్యం ఒకటుంది. పంతులుగారు "తాతగారి తండ్రి పేరు?" అని అడగగానే నడివయసు మనిషి తడబడి, పక్కకు వెళ్లి ఊళ్లోని మేనత్తకు ఫోన్ చేస్తాడు. ఆమె పేరుతో పాటు ఇంకో ముగ్గురి పేర్లు, వారి వరుసలు కూడా చెబుతుంది. ఈ పేర్లన్నీ దాచి ఉంచినది ఆమె ఒక్కతే. చిత్రంలో కోకో కూడా ఇలాంటిదే. చక్రాల కుర్చీలో కూర్చుని, కూతురిని కూడా గుర్తుపట్టలేని ఆ ముసలమ్మ, తండ్రి పాడిన పాటను మునిమనవడు పాడగానే తేరుకుని, చిన్న సొరుగులో దాచుకున్న తండ్రి ఉత్తరాలనూ, ఫొటోలోంచి చిరిగిన ముక్కనూ బయటికి తీస్తుంది. "దేవపితృకార్యాభ్యాం న ప్రమదితవ్యమ్" అన్న తైత్తిరీయోపనిషత్తు, ఆ వెంటనే "మాతృదేవో భవ" అంటుంది. పితృకార్యంలో ఏమరుపాటు కూడదన్న ఆజ్ఞ పక్కనే బతికి ఉన్న తల్లి ఉంది. తండ్రి బతికి ఉన్న పిల్లలకు పితృతర్పణాధికారం సాధారణంగా ఉండదు కనుక, వారు చేయగల పని ఈ పక్షంలో ఇంట్లోని పెద్దవయసు వారి దగ్గర కూర్చుని పేర్లు అడిగి రాసుకోవడం. అడిగేటప్పుడు, ఇంట్లో ఎవరూ తలవనివారు ఎవరైనా ఉన్నారా, వారు మనకు ఏమవుతారు, ఎలా పోయారు అని కూడా అడగమని చెప్పండి.