రెండు పట్టీల్లోనూ లేని ఐదుగురు

2011 ఫిబ్రవరిలో హనుమకొండలో జనగణన విధిలో ఉన్నాను. బడి వదిలాక షెడ్యూళ్ల సంచి తగిలించుకుని నయీంనగర్ సందులన్నీ తిరిగేవాడిని. సగం కట్టిన ఒక అపార్ట్‌మెంట్ కింద పాలమూరు నుంచి పనికి వచ్చిన కుటుంబం ఉండేది. ఆమె ఒళ్లో పసిబిడ్డ. "మమ్మల్ని మా ఊళ్లో రాసుకుంటారు సార్" అంది. సరేనని వచ్చేశాను. ఎక్కడ ఉంటున్నవారిని అక్కడే రాయాలని శిక్షణలో నేర్చుకున్నవాడినే. ఊళ్లో వాళ్ల ఇంటికి బహుశా తాళం వేసి ఉంటుంది.

లెక్కల మాస్టారిని కాబట్టి, తప్పిపోయినవారిని ఎలా అంచనా వేస్తారన్న ప్రశ్న నన్ను వదల్లేదు. జనగణన అయ్యాక కొన్ని బ్లాకులను, అంటే లెక్క కోసం విడదీసిన చిన్న ప్రాంతాలను, ఎంచుకుని, వేరే సిబ్బంది విడిగా మళ్లీ లెక్కిస్తారు. దాన్నే పోస్ట్ ఎన్యూమరేషన్ సర్వే అంటారు. ఉదాహరణకు నా పట్టీలో 600 మంది, వారి పట్టీలో 500 మంది, రెండింటిలోనూ ఉన్నవారు 480 మంది అనుకుందాం. వారికి దొరికినవారిలో 96 శాతం నా పట్టీలోనూ ఉన్నారు. అంటే నేను రాసిన 600 కూడా మొత్తంలో 96 శాతమేనని భావించి భాగిస్తే 625 వస్తుంది. రెండు పట్టీల్లో కలిపి కనబడేది 620 మందే. మిగతా ఐదుగురినీ ఎవరూ చూడలేదు, అయినా లెక్కలోకి వచ్చారు! పాఖాల చెరువులో చేపలకు గుర్తు వేసి వదిలి, మళ్లీ వల వేసి మొత్తం ఎన్నో చెప్పడం కూడా ఇదే సూత్రం. తరగతిలో ఇది చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

2011 సర్వే ప్రకారం, రెండుసార్లు నమోదైనవారిని మినహాయించాక కూడా, వెయ్యికి 23 మంది తప్పిపోయారు. 121 కోట్ల దేశంలో అది చిన్న సంఖ్య కాదు.

అయితే ఈ సూత్రానికి ఒక షరతు ఉంది. మొదటి పట్టీలో తప్పిపోవడానికీ రెండో పట్టీలో తప్పిపోవడానికీ సంబంధం ఉండకూడదు. ఆ పాలమూరు తల్లి రెండోసారి వచ్చినవారికీ అదే మాట చెప్పి ఉంటుంది, లేదా అప్పటికి పని ముగిసి వేరే చోటికి వెళ్లిపోయి ఉంటుంది. అలాంటివారు ఎక్కువైతే అంచనా కూడా తక్కువగానే వస్తుంది. కలకత్తా దగ్గరి సింగూరులో జనన మరణాల నమోదును పరీక్షించిన గణాంకవేత్తలు చంద్రశేఖర్, డెమింగ్ 1949లోనే దీనికి ఒక దారి చూపారు: జనాన్ని ఒకే తీరు గుంపులుగా విడదీసి, ఏ గుంపుకు ఆ గుంపుగా లెక్క కట్టాలి. వలస కూలీలను సొంత ఇళ్లవారితో కలిపేస్తే వారి లోటు కనబడదు.

2027 ఫిబ్రవరిలో మళ్లీ జనగణన. నాకు విధి పడితే, కడుతున్న భవనాలకు రాత్రి ఏడు దాటాక వెళతాను. పనివాళ్లు పొయ్యి వెలిగించేది ఆ వేళకే.